పైన రైలు సరే, కింద బాట ఏది?

సంపాదకీయం

పెద్దపల్లి నుంచి పట్నం పోయే మనవాళ్లకు రెండు దారులు. రైలెక్కితే సికింద్రాబాద్‌లో దిగుతారు. బస్సెక్కితే రాజీవ్ రహదారి పట్టుకొని జూబ్లీ బస్టాండ్‌లో దిగుతారు. వాళ్లు షికారుకు పోరు. గాంధీ దవాఖానకు పోతారు, ఉస్మానియాకు పోతారు. పిల్లకు ఉద్యోగం పరీక్ష ఉందని పోతారు. సెక్రటేరియట్‌లో ఆగిపోయిన కాగితాన్ని కదిలిద్దామని పోతారు. ఊళ్లో పని దొరక్క అడ్డా మీద నిలబడటానికి పోతారు. దిగినంక వాళ్లకోసం ఎవరి కారూ రాదు. మిగిలేవి రెండు కాళ్లు, చేతిలో ఒక సంచి. ఆ కాళ్లు నడవాల్సిన బాట గురించి ఈసారి మాట్లాడుకుందాం.

"మనూరికి బస్సే సక్కగ రాదు, పట్నంల మెట్రో సంగతి మనకెందుకు సారూ?" అని ఒక కార్యకర్త అడిగిండు. అడగాల్సిన ప్రశ్నే. జవాబు కూడా చెప్పాలె.

పట్నం తాగుతున్న గోదావరి నీళ్లు 2015 నుంచి మన ఎల్లంపల్లి నుంచే పోతున్నాయి. ఆ ప్రాజెక్టు కింద మునిగినవి మన దిక్కు ఊళ్లే. రామగుండంలో కరెంటు పుడుతుంది, గోదావరిఖనిలో బొగ్గు తీస్తారు, బసంత్‌నగర్‌లో సిమెంటు చేస్తారు. నీళ్లు పోవడానికి పైపులున్నాయి, కరెంటు పోవడానికి తీగెలున్నాయి, బొగ్గు పోవడానికి వ్యాగన్లున్నాయి. వాటికి ఏ అడ్డమూ లేదు. ఇవన్నీ పంపిన జిల్లా మనిషి పట్నంలో దిగి నాలుగడుగులు వేద్దామంటే మాత్రం బాట లేదు. ఇది మొదటి కారణం. రెండో కారణం, ఆ తవ్వకం ఇప్పుడు మన దారి మీదికే వస్తున్నది. ఆ సంగతి తర్వాత చెప్తాం. ముందు, జరిగింది గుర్తు చేసుకోవాలి.

2010 సెప్టెంబర్ 4న అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం హైదరాబాద్ మెట్రో కోసం ఎల్ అండ్ టీ కంపెనీతో ఒప్పందం చేసుకుంది. 2012లో పని మొదలైంది. 2017 నవంబర్ 28న ప్రధాని మోదీ మియాపూర్ నుంచి నాగోల్ దాకా 30 కిలోమీటర్ల రైలును ప్రారంభించారు. 2018 సెప్టెంబర్‌లో అది ఎల్బీనగర్ దాకా పోయింది. 2020 ఫిబ్రవరి 7న జూబ్లీ బస్టాండ్ నుంచి మహాత్మాగాంధీ బస్టాండ్ దాకా 11 కిలోమీటర్లు తెరిచారు. మొత్తం 69 కిలోమీటర్లు, 57 స్టేషన్లు. ఈ తేదీలు శిలాఫలకాల మీద ఉంటాయి, పరీక్ష పుస్తకాల్లో ఉంటాయి. 2012కూ 2020కీ మధ్య ఎనిమిదేండ్లు ఆ తవ్వకాల పక్క నుంచి నడిచినవాళ్ల సంగతి మాత్రం ఏ ఫలకం మీదా లేదు.

పని ఎట్ల జరిగిందో చూసినవాళ్లకు ఎరుకే. రోడ్డు నడిమిట్ల రెండు దిక్కులా రేకులు పాతుతారు. లోపల బోరు వేసి పునాది పోస్తారు, దాని మీద స్తంభం లేపుతారు. ఉప్పల్‌లో, కుత్బుల్లాపూర్‌లో ముందే పోసి పెట్టిన పెద్ద పెద్ద కాంక్రీటు ముక్కలను రాత్రిపూట ట్రేలర్ల మీద తెచ్చి, ఈ స్తంభం నుంచి ఆ స్తంభానికి పేరుస్తారు. ఇంజనీరు చదువుకు అది గొప్ప పనే, కాదనం. కానీ నడిమిట్ల పోయిన రోడ్డును బండ్లు ఎక్కడి నుంచి తెచ్చుకున్నాయి? అంచు నుంచి. అంచున ఏముండె? ఫుట్‌పాత్. దాని మీద ఎవరుండిరి? నడిచేవాడు, చెప్పులు కుట్టేవాడు, జామపండ్లు అమ్మే అవ్వ, బస్సు కోసం నిలబడ్డ కూలి తల్లి. కారు కొంత పక్కకు జరిగింది. స్కూటరు ఇంకొంత జరిగింది. నడిచేవాడు మోరీలోకి జరిగిండు. నడిమిట్ల గుంత తవ్వితే అంచునున్నోడు పడ్డడు. పని అయిపోయినంక ఆ ఫుట్‌పాత్ వెనక్కి వచ్చిందా అంటే, చాలాచోట్ల స్టేషన్ మెట్లు వచ్చి దాని మీదనే దిగినయి.

2015 వానకాలం నాకు బాగా గుర్తు. మా పెద్దబాపుకు షుగరు. కాలివేలు పుండయింది. ఇక్కడ కాదని పట్నం పెద్ద దవాఖానకు రాసిచ్చారు. పొద్దుగాల బస్సుకు పోయినం. దిగి సిటీ బస్సు కోసం పోతే అంతకుముందు ఉన్నచోట బస్టాపు లేదు. "స్టాపు ముందటికి పోయింది" అన్నరు. ముందటికి అంటే ఎంత ముందటికో చెప్పేటోడు లేడు. ఒక ఆటో ఆయన్ని అడిగితే, తిరిగి తిరిగి పోవాలని మా ఇద్దరి బస్సు కిరాయంత అడిగిండు. ఆయన తప్పేం లేదు, నిజంగనే తిరిగి పోవాలె. నడిచినం. ఒక దిక్కు రేకుల కంచె, ఒక దిక్కు బస్సులు, నడుమ జానెడు బురద. కంచె మీద బోర్డు, అసౌకర్యానికి చింతిస్తున్నామని. ముసలాయన ఒక చెయ్యి నా భుజం మీద, ఇంకో చెయ్యి రేకు మీద పెట్టుకొని నడుస్తుంటే వెనుక నుంచి ఒకటే హారన్లు. ఒకచోట చెప్పు బురదలో దిగబడి తెగింది.

కంచె మూలకు ప్లాస్టిక్ కవరు కప్పుకొని ఒకాయన చెప్పులు కుడుతున్నడు. మా మాట విని, "పెద్దపల్లి దిక్కోళ్లా? మాది మంథని కాడ" అన్నడు. కుట్టుకుంటనే చెప్పిండు: "ఇరవై ఏండ్లు ఒక్క చెట్టు కిందనే కూసున్న సారూ. చెట్టు కొట్టేసిండ్రు. అప్పటిసంది ఎన్నిసార్లు లేపిండ్రో లెక్కలేదు. నేనేడున్ననో గిరాకీకి తెల్వది. గిరాకీ ఏడున్నదో నాకు తెల్వది."

ఇంకొంత దూరం పోయినంక పెద్దబాపు ఒక దుకాణం మెట్టు మీద కూలబడ్డడు. కాసేపు రోడ్డు దిక్కు చూసి అన్నడు: "బిడ్డా, మనూళ్లె దొర గడి ముందలికెల్లి చెప్పులు చేతుల వట్టుకొని నడిసినం. గప్పుడు కాళ్లకు చెప్పులు లేకపాయె గని, బాటన్న ఉండె. ఈడ కాళ్లకు చెప్పులున్నయి, బాటనే లేదు."

మేము చేరేసరికి ఓపీ చీటీలు ఇచ్చే టైము దాటింది. ఆ రాత్రి వరండాలో పండుకొని తెల్లారి చూపించుకున్నం. ఆయన ఇప్పుడు లేడు. ఆ మాట మాత్రం నాతోనే ఉంది.

రేకుల కంచెకు కులం ఎక్కడిది అని కొందరు అడుగుతారు. రేకుకు లేదు, నిజమే. ఆ రేకు బయట మిగిలిన మనుషులను లెక్కపెట్టండి. చెప్పులు కుట్టేవాడిది ఏ కులం? తెల్లారకముందే రోడ్డు ఊడ్చి, ఆ బండ్ల మధ్య ప్రాణం అరచేతిలో పెట్టుకొని నడిచే తల్లులది ఏ కులం? తోపుడుబండి ఎవరిది? అడ్డా కూలీ ఎవరు? మెట్రో దారిలో సుల్తాన్‌బజార్ వ్యాపారులు ఏండ్ల తరబడి కొట్లాడిండ్రు. అది వాళ్ల హక్కు, తప్పు పట్టం. వాళ్లకు సంఘం ఉంది, వకీళ్లున్నారు, పత్రికల్లో ఫోటోలు వచ్చినయి. ఆ దారి మార్చాలన్న మాట 2014లో ప్రభుత్వమే ఎత్తింది. చివరికి రైలు అక్కడి నుంచే పోయినా, వాళ్ల మాట వినాల్సిన చోట వినబడ్డది. అదే బజారులో వాళ్ల దుకాణాల ముందు కింద కూర్చొని అమ్ముకునేవాళ్ల మాట ఎవరి చెవిన పడ్డది?

మేము మెట్రోకు వ్యతిరేకం కాదు. ఈ మాట గట్టిగా చెప్పాలి. ఊరు గొప్పది, పట్నం చెడ్డది అనే పాట మనది కాదు. 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో అంబేద్కర్ ఊరి గురించి ఏమన్నారో మనకు తెలుసు. సంకుచితత్వానికీ అజ్ఞానానికీ మతతత్వానికీ ఊరే గూడు అన్నారు. మన పిల్లలు వాడ విడిచి పట్నం పోవాలి, చదవాలి, మంచి బండిలో తిరగాలి. మెట్రో డబ్బాలో పక్క సీటువాడు ఇంటిపేరు అడిగి జరిగి కూర్చోడు. జూబ్లీ బస్టాండ్ దగ్గర ఎక్కితే రెండో స్టేషనే గాంధీ దవాఖాన. ఆ రైలే 2015లో ఉంటే మా పెద్దబాపు బురదలో నడిచేవాడు కాదు. అందుకే రైలు వద్దనం. రైలు వచ్చేదాకా మనిషి ఎట్ల బతకాలె అని అడుగుతున్నం. రైలు వచ్చినంక అది ఎవరికి అందుతుంది అని కూడా అడుగుతున్నం.

అందుతుందా? 2017లో టికెట్టు 10 రూపాయల నుంచి 60 రూపాయల దాకా ఉండె. 2025 మే నెలలో 12 నుంచి 75 రూపాయలు చేశారు. లొల్లి అయితే ఆ నెలలోనే పది శాతం తగ్గించి 11 నుంచి 69 అన్నారు. రోజూ పోయి రావాలంటే కూలికి పోయే మనిషి ఆ మెట్లెక్కదు. 2023 డిసెంబర్ 9న మొదలైన మహాలక్ష్మి పథకంతో ఆడవాళ్లకు ఆర్టీసీ పల్లెవెలుగులో, ఎక్స్‌ప్రెస్‌లో, సిటీ ఆర్డినరీ బస్సుల్లో టికెట్టు లేదు. మన తల్లులు ఆ బస్సునే నమ్ముకున్నారు. తవ్వకం మొదలైతే అన్నిటికన్నా ముందు మాయమయ్యేది బస్టాపే. ఫ్రీ టికెట్టు చేతిలో ఉంటుంది, బస్సు ఎక్కడ ఆగుతుందో తెలవదు. అప్పుడు ఆటోకు పైసలు పెట్టాలి, లేదంటే నడవాలి. సర్కారు ఒక చేత్తో ఇచ్చింది రేకుల కంచె ఇంకో చేత్తో గుంజుకుంటుంది.

పని అయిపోయిందన్నంక కూడా కింద ఉన్నవాళ్లకు భద్రం లేదు. 2019 సెప్టెంబర్ 22న వాన పడుతుంటే అమీర్‌పేట మెట్రో స్టేషన్ కింద తలదాచుకున్న ఒక యువతి మీద పైనుంచి కాంక్రీటు పెచ్చు ఊడిపడి ప్రాణం పోయింది. నీడ అనుకొని నిలబడ్డచోటే చావు ఎదురైంది.

ఇక ఇప్పటి సంగతికి వద్దాం. మొదటి ఒప్పందంలో మెట్రో ఫలక్‌నుమా దాకా పోవాలి. మహాత్మాగాంధీ బస్టాండ్ దగ్గర ఆగిపోయింది. పాతబస్తీ మిగిలిపోయింది. 2024 మార్చి 8న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి పాతబస్తీ మెట్రోకు శంకుస్థాపన చేశారు. చాంద్రాయణగుట్ట దాకా ఏడున్నర కిలోమీటర్లు. దారిలో సుమారు 1,100 ఆస్తులు దెబ్బతింటాయని లెక్క తీశారు. గజానికి 81 వేల రూపాయల చొప్పున 2025 జనవరి నుంచి చెక్కులు ఇచ్చి కూల్చడం మొదలుపెట్టారు. ఇల్లూ దుకాణమూ పోయినవాళ్లకు పైసలు రావాల్సిందే, ఇంకా ఎక్కువ అడిగినా న్యాయమే. మరి ఆ దుకాణం మెట్టు మీద ఇరవై ఏండ్లు కూర్చొని బతికినవాడి గజం ఎంత? ఆ గోడకు ఆనించి బండి పెట్టుకున్న పేద ముస్లిం తమ్ముడి గజం ఎంత? పట్టా ఉన్నవాడికే నష్టం జరుగుతుందని లెక్క కట్టే కాలం నుంచి సర్కారు ఇంకా బయటికి రాలేదు.

అంతలో కంపెనీ తప్పుకుంటానంది. 2025 సెప్టెంబర్‌లో మొదటి దశ మెట్రోను తానే తీసుకోవడానికి రాష్ట్ర ప్రభుత్వం ఒప్పుకుంది. సుమారు 13 వేల కోట్ల అప్పు నెత్తిన వేసుకొని, కంపెనీకి వాటా కింద ఇంకో రెండు వేల కోట్లు ఇచ్చే లెక్క అది. ఆ పైసలు ఎవరివి? అగ్గిపెట్టె కొన్నా పన్ను కట్టే మనవి. మెట్రో ఎన్నడూ ఎక్కని ధర్మారం కూలీ కూడా దాని బాకీ తీర్చేవాడే. బాకీలో పాలు ఉన్నప్పుడు బాటలో పాలు ఎందుకు ఉండదు?

ఇప్పుడు మన దారి మాట. 2024 మార్చి 7న రాజీవ్ రహదారి మీద ప్యారడైజ్ నుంచి శామీర్‌పేట ఔటర్ రింగు రోడ్డు దాకా ఎలివేటెడ్ కారిడార్‌కు శంకుస్థాపన జరిగింది. జూబ్లీ బస్టాండ్ నుంచి శామీర్‌పేట దాకా 22 కిలోమీటర్ల మెట్రో కావాలని రాష్ట్రం 2025లో కేంద్రానికి ప్రతిపాదన పంపింది. అది మన బస్సులు పోయే రోడ్డే. అటు రైలు దారిలో, సికింద్రాబాద్ స్టేషన్ పాత భవనాన్ని కొత్తది కట్టడానికి 2025లో కూల్చేశారు. అంటే బస్సులో పోయినా, రైలులో పోయినా మనం దిగేది తవ్వకంలోనే. 2012లో మనకు తెలవలేదు. ఈసారి తెలవలేదనడానికి లేదు.

బాట కోసం కొట్లాడటం మనకు కొత్త కాదు. 1924లో కేరళ వైకోంలో సత్యాగ్రహం జరిగింది గుడిలోకి పోవడానికి కాదు, గుడి చుట్టూ ఉన్న బజార్లలో నడవడానికి. అదే 1924లో మహద్ మున్సిపాలిటీ చవదార్ చెరువు అందరిదని తీర్మానం చేసింది. తీర్మానం కాగితం మీదనే ఉండిపోయింది. 1927 మార్చి 20న అంబేద్కర్ వేలమందితో నడిచిపోయి నీళ్లు ముట్టుకునేదాకా ఆ చెరువు మనది కాలేదు. చట్టం కాగితం మీద ఉంటే సరిపోదు, దాని మీద నడిచిపోయేవాళ్లు ఉండాలని మహద్ చెప్తున్నది.

ఇప్పుడు మన చేతిలో ఉన్న కాగితాలు తక్కువేం కాదు. భూమి లేకున్నా, సేకరణకు మూడేండ్ల ముందు నుంచి అక్కడ పని చేసుకొని బతుకుతున్న చేతివృత్తులవాళ్లనూ కూలీలనూ బాధిత కుటుంబాలుగా లెక్కించాలని 2013 భూసేకరణ చట్టం చెప్తుంది. వీధి వ్యాపారులను సర్వే చేసి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా లేపకూడదని, వేరేచోటికి పంపాలంటే 30 రోజుల నోటీసు ఇవ్వాలని 2014 వీధి వ్యాపారుల చట్టం చెప్తుంది. పట్టణ వెండింగ్ కమిటీలో వ్యాపారులకు 40 శాతం చోటు, అందులో ఎస్సీ, ఎస్టీలకూ ఆడవాళ్లకూ పాలు ఉండాలని కూడా అందులో రాసుంది. 2025 మే 14న సుప్రీంకోర్టు, నడిచేవాళ్లకు ఫుట్‌పాత్ రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని చెప్పింది. పెద్దబాపు మెట్టు మీద కూర్చొని అన్నమాట పదేండ్లకు కోర్టు నోట వచ్చింది.

ఇక్కడ మన తప్పు కూడా ఒప్పుకోవాలి. దాడి జరిగిన ఊరికి మనం పరుగెత్తినం. జరిగిన అన్యాయం మీద కరపత్రాలు వేసినం. ధర్నాకు ఇందిరాపార్కు పోయిన ప్రతిసారీ బ్యానర్లు పట్టుకొని చౌరస్తా దాటలేక నిలబడ్డం. అయినా ఆ చౌరస్తా మీద ఒక్క మెమోరాండం ఇవ్వలేదు. దెబ్బ పడితేనే అన్యాయం అనుకున్నం. రోజూ కొంచెం కొంచెం పక్కకు నెట్టేయడం కూడా అన్యాయమే అని తెలుసుకోవడానికి ఆలస్యమైంది.

కాబట్టి పని ఇంకా మొదలుకాని చోట, మొదటి రేకు పాతకముందే అడగాల్సినవి ఇవి:

1. ముందు నడకబాట, తర్వాత తవ్వకం. రెండు దిక్కులా కనీసం ఆరడుగుల వెడల్పు, రాత్రి లైటు, గుంతకు అడ్డంగా గట్టి కంచె. ఇది కాంట్రాక్టు కాగితంలోనే రాయాలి. లేకుంటే బిల్లు ఆపాలి.

2. బస్టాపు మారిస్తే పదిహేను రోజుల ముందే జూబ్లీ బస్టాండ్‌తో పాటు కరీంనగర్, గోదావరిఖని, మంథని, పెద్దపల్లి బస్టాండ్లలో తెలుగులో, ఉర్దూలో బోర్డు పెట్టాలి. చదువురాని వాళ్లకోసం మైకులో చెప్పాలి.

3. దవాఖానలకు పోయే దారులను ఏ పూటా పూర్తిగా మూయొద్దు. రోగిని కుర్చీలో తోసుకొని పోయేంత బాట ఎప్పుడూ ఉండాలి.

4. చెప్పులు కుట్టేవాళ్లు, బండ్లవాళ్లు, గంపలవాళ్ల పేర్లు పని మొదలు కాకముందే రాసుకోవాలి. పని జరిగినన్నాళ్లు దగ్గరలోనే చోటు, అయిపోయినంక స్టేషన్ కింద వాళ్ల చోటు వాళ్లకే.

5. పని మీద వేసే కమిటీలో ఇంజనీర్లు, వ్యాపారులతో పాటు రోడ్డు ఊడ్చేవాళ్లు, వీధి వ్యాపారులు, కాలినడకన పోయేవాళ్లు కూడా ఉండాలి.

సంఘాల బాధ్యులకు ఒక మాట. ఇది పట్నం శాఖ పని అని వదిలేయవద్దు. శామీర్‌పేట నుంచి జూబ్లీ దాకా రోడ్డు పక్క బతుకుతున్న మన జిల్లా వాళ్లు ఎంతమందో ఊరూరా అడిగి పేర్లు రాయండి. ఎన్నేండ్ల నుంచి ఎక్కడ కూర్చుంటున్నారో రాయండి, ఉన్నచోట ఫోటో తీసి పెట్టండి. రేపు నోటీసు వచ్చిననాడు ఆ కాగితమే వాళ్ల పట్టా. పట్నం పోయే ఊరివాళ్లకు కూడా చెప్పండి. దవాఖానకు పోయేరోజు ఒక బండి ముందు బయలుదేరండి. ముసలివాళ్లను ఒంటరిగా పంపకండి. బస్టాపు మారి ఉంటే, బాట లేక ఎవరన్నా పడితే, ఏ రోజు, ఏ చోట అని రాసి మాకు పంపండి. పది ఊళ్ల నుంచి పది చీటీలు వస్తే అది ఫిర్యాదు. వెయ్యి వస్తే ఉద్యమం.

మంథని దిక్కు ఆ చెప్పులు కుట్టే అన్న ఇప్పుడు ఎక్కడ కూర్చున్నడో నాకు తెలవదు. ఆయన చెట్టు ఉన్నచోట ఇప్పుడు స్తంభం ఉంది, దాని మీద నుంచి రైలు పోతున్నది. పోనీ, మంచిదే. ఆ స్తంభం నీడలో ఆయనకు నాలుగడుగుల చోటు, మా పెద్దబాపు వంటి వాళ్లకు ఆరడుగుల బాట. ఇంత పెద్ద పట్నాన్ని మనం అడుగుతున్నది అంతే. అడిగితే ఇచ్చిందా, సరే. ఇవ్వలేదా, మహద్ మనకు తొవ్వ చూపించే ఉంది.

నడిచే హక్కు బతికే హక్కే!

జై భీమ్!